రెండు పళ్లేల్లో పసుపు

ఆర్మూర్,
21 మార్చి 2025, శుక్రవారం.

గౌరవనీయులైన సిస్టర్ జసింత గారికి,

చివరి బెంచీలో కిటికీ పక్కన కూర్చునే పూజిత రెండు చేతులూ జోడించి రాస్తున్నది. ఖమ్మంలో మీ మోకాలి నొప్పి తగ్గిందని, ఈసారైనా మెట్లు ఎక్కనక్కర్లేని గది ఇచ్చారని తలుస్తాను. ఇక్కడ మేమందరం క్షేమం. ఇది మర్యాద కోసం రాసిన మాట కాదు. మూడు వారాల క్రితమైతే ఈ వాక్యం రాసి కొట్టేసేదాన్ని.

ఈరోజు పొద్దున మా ఇంట్లో పాలు మాడాయి. అమ్మ, నాన్న తెల్లవారకముందే చేనుకు వెళ్లారు. పసుపు ఉడకబెట్టే రోజులు కదా. నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. ఏం మాడవెట్టినవే పోరీ అని పక్కింటామె గోడ అవతలి నుంచి కేకేస్తే లోపలికి పరుగెత్తాను. గిన్నె అడుగు బొగ్గయింది. పొయ్యికి రెండడుగుల దూరంలో మా నానమ్మ మెంతికూర తెంపుతూ కూర్చుంది. గంత ఉరుకుతున్నవేందే, జారి పడతవ్ అంది. గిన్నె తోమడానికి గంట పట్టింది. ఆ గంటలోనే మీకు ఉత్తరం రాయాలని నిశ్చయించుకున్నాను.

పోయిన ఉత్తరంలో మీరు రెండు ప్రశ్నలు అడిగారు. నేను పనిచేసే లైబ్రరీకి కొత్త పుస్తకాలు వచ్చాయా, నలుగురిలో మాట్లాడటం వచ్చిందా అని. పుస్తకాలు రాలేదు. పోటీ పరీక్షల గైడ్లు వచ్చాయి. రెండో ప్రశ్నకు జవాబు కొంచెం పొడుగు.

పదో తరగతిలో మీరు పెట్టిన వక్తృత్వ పోటీ గుర్తుండే ఉంటుంది. ప్రపంచీకరణ మేలా, జాతీయత మేలా అన్నది అంశం. ప్రపంచీకరణ పక్షం నాది. నేను లేచి, అధ్యక్షుల వారికి నమస్కారం అన్నాను. కాసేపాగి మళ్లీ అధ్యక్షుల వారికి నమస్కారం అన్నాను. మూడోసారి కూడా ఆయనకే నమస్కరించి కూర్చున్నాను. మీరు తిట్టలేదు. క్రిస్మస్‌కు వాడగా మిగిలిన లావు కొవ్వొత్తి ఒకటి నా చేతిలో పెట్టి, నోరు పెగలనప్పుడు వెలిగించుకో, ధైర్యం వస్తుంది అన్నారు. ఎనిమిదేళ్లు దాచుకున్నాను. ఈ నెల మొదట్లో వెలిగించాను.

ఎందుకంటే అదే అంశం మీద మా వాడలో మళ్లీ పోటీ జరిగింది. ఈసారి జాతీయత పక్షం మా నాన్న నరహరి. ప్రపంచీకరణ పక్షం మా మేనత్త మంగవ్వ భర్త, దేవన్న మామ. ఓడిపోతే మూడు నమస్కారాలతో సరిపోయే పోటీ కాదిది.

నాన్న మా వాడ కమిటీకి పెద్ద. ఇక్కడి కమిటీల సంగతి మీరు చూసిందే. తీర్మానం రాస్తే అందరూ కట్టుబడాలి, కాదంటే దండుగ కట్టాలి. తీర్మానాల పుస్తకం నేను రాస్తాను. చేతిరాత బాగుంటుందని ఆ పని ఇచ్చామని వాళ్లంటారు. మధ్యలో మాట్లాడనని ఇచ్చారని నాకు తెలుసు. దేవన్న మామ పద్దెనిమిదేళ్లు దుబాయ్‌లో పనిచేసి వచ్చి బస్టాండు రోడ్డులో చిన్న దుకాణం పెట్టుకున్నాడు. పాలపొడి, అత్తర్లు, తలనొప్పి నూనె, సబ్బులు, పువ్వుల కంబళ్లు, అన్నీ దుబాయ్ సరుకే. వెనక గదిలో కాపురం. భూమి అమ్మి దుబాయ్ వెళ్లినవాడు కాబట్టి ఆ దుకాణం తప్ప వాళ్లకు ఇంకో ఆధారం లేదు.

ఫిబ్రవరిలో పసుపు ధర పడింది. వియత్నాం పసుపు ఓడల్లో వచ్చి దిగుతోందట, అందుకే మనది అడిగేవాడు లేడట అని మార్కెట్‌లో ఎవరో అన్నారు. ఆ సాయంత్రమే నాన్న కమిటీ పిలిచాడు. మనం చెమటలు కక్కి పండిచ్చిన పసుపు మన్నుల కలుస్తుంటే, పరాయి దేశపోని సరుకు ఎగవడి కొంటున్నమంటే మనకు సిగ్గుండాలె అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మా వాడలో విదేశీ సరుకు కొనరాదు, అమ్మరాదు అని ఒకే వాక్యం చెప్పి, రాయి బిడ్డా అన్నాడు. రాశాను.

అక్కడితో ఆగితే బాగుండేది. కమిటీలో ముసలాయన చంద్రయ్య తాత గొంతు సవరించుకుని, మరి ఫోన్ల సంగతేంది నరహరీ అన్నాడు. తీర్మానం వాట్సాప్ గ్రూపులో పెట్టాలి కాబట్టి ఫోన్లకు మినహాయింపు ఇచ్చారు. మైకు కీచుమంటే తిప్పి చూశారు, దాని వెనక చైనా అక్షరాలున్నాయి. మైకు లేకపోతే దేశభక్తి వెనక వరసకు వినపడదు కాబట్టి దానికీ ఇచ్చారు. దోమల బ్యాట్లకు, దోమలు మన దేశానివే కాబట్టి ఇచ్చారు. గల్ఫ్ కంబళ్లకు, ఇంటింటా ఇదివరకే కప్పుకుంటున్నవి కాబట్టి ఇచ్చారు. ఇక గల్ఫ్ నుంచి కొడుకులు పంపే డబ్బు విదేశీ సరుకా కాదా అని అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. అందరూ నా వైపు చూశారు. దానికీ మినహాయింపని నేనే రాసుకున్నాను.

సంతకాలయ్యేసరికి తీర్మానం ఒక వాక్యం, మినహాయింపులు రెండున్నర పేజీలు అయ్యాయి. ఆ రెండున్నర పేజీల్లో ఇమడనిది మా వాడలో ఒక్కటే మిగిలింది. అది దేవన్న మామ దుకాణం.

మామ మరునాడు కమిటీ హాలుకు వచ్చాడు. చెప్పులు బయట విడిచి, మెల్లగా నాన్న ఎదురుగా కూర్చుని, బామ్మర్దీ, నీ పసుపు ఏడికి పోతదో ఎర్కేనా అన్నాడు. గన్ని బస్తాలు ఆర్మూరోళ్లే తింటే ఒళ్లంత పచ్చగై కామెర్లోళ్ల లెక్క అయితుంటిమి, ఓడెక్కి పోతది గద, రేపు గా దేశపోళ్లు గూడ కమిటీ పెట్టి తీర్మానం రాస్తే ఏం జేస్తవ్ అన్నాడు.

మనది పోవాలె, వాళ్లది రావద్దు, దేశభక్తి అంటే గదే అన్నాడు నాన్న.

అందరి పెండ్లిండ్లకు పోయి బువ్వ తినుడు, మనింట్ల పెండ్లికి ఎవ్వల్ని పిలువకపోవుడు, గదేనా అన్నాడు మామ.

హాల్లో ఇద్దరు ముగ్గురు నవ్వారు. నాన్నకు కోపం వచ్చింది. పద్దెనిమిదేండ్లు పరాయి నీళ్లు తాగినవ్ బావా, నీ నోట్లకెళ్లి గింకేం వస్తది అన్నాడు. మామ తల ఊపాడు. తాగిన, గా నీళ్లు గూడ సముద్రంలకెళ్లి తోడి, ఉప్పు తీసి పోస్తరు, నీళ్లకే గంత కష్టపడేటోళ్లకు మన పసుపు విలువ ఎర్కనే, నీకే తెల్వది అన్నాడు.

అప్పుడు నాన్న మా పసుపు గురించి చెప్పడం మొదలుపెట్టాడు. మన మట్టి, మన నీళ్లు, మన దేశవాళీ ఎర్ర గుంటూరు రకం, గిసుంటిది లోకంల ఏడ ఉన్నది అన్నాడు. మామ నెమ్మదిగా, గుంటూరు మన జిల్లల ఎప్పుడు కలిసింది బామ్మర్దీ అని అడిగాడు. నాన్న ఒక నిమిషం పైకప్పు వైపు చూసి, రాయి బిడ్డా, గుంటూరుకు గూడ మినహాయింపు అన్నాడు. మీ సొంత ఊరు కాబట్టి తెలియజేస్తున్నాను సిస్టర్. మా తీర్మానం వల్ల మీకు ఇబ్బందేమీ లేదు.

ఇక మామ సంచీలోంచి ఒక పసుపు పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. దుబాయ్ నుంచి వచ్చిన సరుకులోది. పైన అరబ్బీ అక్షరాలు. నాన్న దాన్ని ముట్టుకోకుండానే రంపపు పొట్టుకు రంగేసిన్రు అన్నాడు. మామ లేచి నిలబడి, నువ్వు జెప్పుడెందుకు, నేను జెప్పుడెందుకు, మీ అమ్మ జెప్తది, నాలుక మీద పెట్టుమను అన్నాడు.

దీనికి అందరూ ఒప్పుకున్నారు. మా వాడలో కొత్త పసుపు దంచితే ఎవరైనా సరే మొదటి చిటికెడు మా నానమ్మ నర్సవ్వ నాలుక మీద పెట్టాలి. తర్వాతే అమ్మకం. ఇది ఎర్ర చెల్క నేలది, ఇది నల్లరేగడిది, ఇది ఉడుకు తక్కువైంది, దీనికి వాన తగిలింది అని ఆమె చెప్తే, అవతల వ్యాపారి నోరెత్తడు. ఒకప్పుడు ఆమె ముందు పళ్లెం పెట్టి మగవాళ్లు వణికేవాళ్లట. ముసలితనంలో మెత్తబడింది. ఈ నాలుగేళ్లలో ఎవరి పసుపుకూ వంక పెట్టలేదు.

ఒప్పందం ఇది. నానమ్మ కళ్లకు గంతలు కట్టి రెండు పళ్లేలు పెడతారు. ఒకదాంట్లో మా చేని పసుపు, ఇంకోదాంట్లో దుబాయ్ పొట్లంలోది. పరాయిది ఏదో ఆమె పట్టేస్తే మామ ఉగాది లోపల దుకాణం మూసేయాలి. పట్టలేకపోతే తీర్మానం రద్దు. మార్చి రెండు, ఆదివారం అనుకున్నారు. అప్పటిదాకా పొట్లం ఎవరి దగ్గర ఉండాలన్న మాట వచ్చినప్పుడు, ఇద్దరూ ఒకేసారి పూజిత దగ్గర అన్నారు. ఆ రెండు వారాల్లో వాళ్లు ఏకీభవించింది అదొక్కటే. మాట్లాడని మనిషి మోసం చేయదని వాళ్ల నమ్మకం. నేను పొట్లాన్ని లైబ్రరీ బీరువాలో కవిత్వం వెనక దాచాను. అక్కడ ఎవరూ చెయ్యి పెట్టరు.

ఆ రోజుల్లో అత్త మా గడప తొక్కలేదు. తీర్మానం ఉన్న ఇంటికి ఎట్లొస్తుంది? నానమ్మ సాయంత్రాలు వాకిట్లో నిలబడి రోడ్డు వైపు చూసేది. నాన్న కంచం ముందు కూర్చుని, అమ్మా తిన్నవా అంటే, దేశం తిన్నదా అడుగు, నన్నెందుకు అడుగుతవ్ అనేది.

శుక్రవారం నాడు అత్త లైబ్రరీకి వచ్చింది. ఆమె లైబ్రరీకి రావడం అదే మొదటిసారి. గైడ్లు చదివే పిల్లల మధ్య కుర్చీ అంచున కూర్చుని, ఇక్కడ మాట్లాడొచ్చా బిడ్డా అని గుసగుసగా అడిగింది. తర్వాత చెప్పింది. దుకాణం మూస్తే మీ మామ మళ్ల దుబాయ్ పోతడట, ఎవలకో ఫోన్ గూడ జేసిండు, యాభై మూడేండ్లకు గా ఎండల ఏం పని జేస్తడే అంది. కుర్చీలోంచి లేచి, పద్దెనిమిదేండ్లు ఫోన్ల కాపురం జేసిన, మళ్ల గా కాపురం నాతోని గాదు అంది. అమ్మకు తెల్వనీయకు అని రెండుసార్లు చెప్పి వెళ్లిపోయింది. మా ఇంటి గోడలు ఎంత పలచనివో, ఏ మాటైనా నానమ్మ చెవిన ఎట్లా పడుతుందో అత్తకు తెలుసు. పెళ్లికి ముందు ఆమె కూడా ఆ ఇంట్లోనే పెరిగింది.

ఆదివారం కమిటీ హాలు నిండిపోయింది. నానమ్మను కుర్చీలో కూర్చోబెట్టారు. కళ్లకు కట్టడానికి ఎవరో తువ్వాలు ఇచ్చారు. మెత్తగా ఉంది. గిదెక్కడిది అని చంద్రయ్య తాత అడిగితే, మా తమ్ముడు కువైట్ నుంచి తెచ్చిండు అన్నాడతను. మినహాయింపుల్లో తువ్వాళ్లు ఉన్నాయా అని అందరూ నా వైపు చూశారు. నేను పుస్తకం తిప్పి చూశాను. కంబళ్ల వరసలో ‘మొదలైనవి’ అని ఉంది. కట్టారు.

అప్పుడు చంద్రయ్య తాత పొట్లం పైకెత్తి చూపించి, నన్ను లేచి నిలబడమన్నాడు. నూటయాభై మంది ఉంటారు సిస్టర్. పొట్లం నీ దగ్గర్నే ఉన్నదా బిడ్డా అని అడిగాడు. తల ఊపాను. తల ఊపుడు గాదు, పుస్తకంల రాయాలె, నోటితోని జెప్పు, సీలు ఉన్నదా అన్నాడు. నాకు అధ్యక్షుల వారికి నమస్కారం అన్న మాట గొంతుదాకా వచ్చింది. దాన్ని మింగి, ఉంది అన్నాను. వెనక వరసకు కూడా వినపడిందట, మైకు లేకుండానే.

కాబట్టి మీ రెండో ప్రశ్నకు జవాబు ఇది. నలుగురిలో మాట్లాడాను. ఒక మాట.

చంద్రయ్య తాతే కత్తెరతో పొట్లం పైభాగం కోసి పళ్లెంలో పోశాడు. నానమ్మ మొదటి పళ్లెంలోంచి చిటికెడు తీసి అరచేతిలో రాసి, ముక్కు దగ్గర పెట్టుకుని, నాలుక మీద వేసుకుంది. గిది మనదే, బాయి కాడి మడిది అంది. ఆ పళ్లెం మాదే. చప్పట్లు. నాన్న మీసం సవరించుకున్నాడు.

రెండో పళ్లెం దగ్గర చాలాసేపు పట్టింది. రాసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. నాలుక మీద వేసుకుంది. అప్పుడు తలుపు దగ్గర అత్త కొంగు నోట్లో కుక్కుకుని ఒక్కసారి వెక్కింది. నానమ్మ తల అటు తిరిగింది. ఇంకో చిటికెడు వేసుకుంది. గిది గూడ మనదే, మన మట్టే అంది.

అమ్మా, జర మంచిగ సూడు అన్నాడు నాన్న. నువ్వు లాగు తొడగనప్పటి సంది సూస్తున్న, నాకు నేర్పుతవారా అంది నానమ్మ, గంతలు తనే విప్పేసుకుంటూ.

తర్వాత జరిగింది మీ పోటీలో ఎప్పుడూ జరగలేదు. రెండు పక్షాలూ గెలిచాయి. మామ బల్ల ఎక్కినంత పని చేశాడు. సూసిన్రా, మన పసుపు ఓడెక్కి దుబాయ్ పోయి, పొట్లమై, పేరు మార్చుకొని మళ్ల మనింటికే వచ్చింది, లోకమంతా ఒక్కటే అంటే ఇన్నరా అన్నాడు. నాన్న అంతకంటే గట్టిగా, సూసిన్రా, దుబాయ్‌ల రాజులు గూడ నరహరి చేనుల పసుపే తింటున్నరు, దేశం గొప్పది అంటే ఇన్నరా అన్నాడు. ఇద్దరూ ఒకేసారి నా వైపు తిరిగి రాయమన్నారు. ప్రపంచం గెలిచినందున తీర్మానం రద్దు అని ఒకటి, దేశం గెలిచినందున తీర్మానం అక్కర్లేదు అని ఒకటి రాశాను. రెండింటి కిందా ఇద్దరూ సంతకం పెట్టారు.

ఆ మధ్యాహ్నం అత్త, మామ మా ఇంట్లోనే తిన్నారు. నాన్న, మామ ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు కానీ ఒకే కూర గిన్నె ముందు.

ఇప్పుడు మామ దుకాణంలో కంబళ్లు, అత్తర్లు ఎవరూ అడగడం లేదు. అరబ్బీ అక్షరాల పసుపు పొట్లానికే గిరాకీ. పెరట్లో పసుపు ఆరబోసుకున్న ఆడవాళ్లే వచ్చి కొంటున్నారు. విదేశం చూసి వచ్చిన పసుపు వేరే ఉంటది అంటున్నారు. మామ ఇంకో రెండు పెట్టెలు తెప్పించాడు. కాశీకి పోయొచ్చినట్టే అని నాన్న ఒక పొట్లం దేవుడి పటాల దగ్గర పెట్టాడు. మామ ఎవరికీ ఫోన్ చేయడం లేదు. అత్త నడుము చుట్టూ కొంగు దోపుకుని దుకాణంలో కూర్చుంటోంది.

మీ ప్రార్థనల్లో మా వాడను తలచుకోండి. ఏ పక్షం తరఫున అన్నది మీ ఇష్టం. మోకాలికి నువ్వుల నూనె రాయడం మానకండి.

ఎప్పటికీ మీ చివరి బెంచీ విద్యార్థిని,
పూజిత

తా.క. కొవ్వొత్తి ఎందుకు వెలిగించానో రాయలేదు. శనివారం లైబ్రరీ మూసే వేళకు పొట్లం అడుగు కోసి, అందులోని పసుపు తీసేసి, మా ఇంటి డబ్బాలోది నింపాను. కిరాణా కొట్టువాళ్లు చేసినట్టే అంచును రంపం బ్లేడు మీద మడిచి, మీ కొవ్వొత్తి మంటకు అంటించాను. సీలు ఉన్నదా అని అడిగారు, ఉంది అన్నాను. ఎవరు వేసింది అని అడగలేదు. మీ నీతిబోధ క్లాసు ప్రకారం ఇది అబద్ధం అవునో కాదో తెలియజేయగలరు. రెండూ ఒకటే అయితే నానమ్మ తేడా చెప్పలేక ఊరుకుంటుంది, తీర్మానం రద్దవుతుంది అనుకున్నాను. రెండూ మనవే అని ఆమె అనేసరికి, నేను చేసింది పట్టేసిందనుకుని పుస్తకంలో తల దూర్చాను. పొట్లంలోంచి తీసింది పారేయబుద్ధి కాక మా డబ్బాలో పోశాను. మూడు వారాలుగా మా పప్పులో, మా గడప మీద ఉన్నది అదే. ఈ ఏడు మన పసుపు వాసనే వేరని నాన్న రోజూ అంటున్నాడు.

ఈరోజు గిన్నె తోముతూ ఇదంతా నానమ్మకు చెప్పేశాను. మీకంటే ముందు ఆమెకు చెప్పినందుకు క్షమించండి. ఆమె మెంతికూర తెంపడం ఆపలేదు. గదంతా ఎందుకు జేసినవ్ పిచ్చిదానా, నాకొక్క మాట జెప్తే అయిపోవు గద, నా నాలుకకు ఏ పసుపైనా మట్టి లెక్కనే ఉంటది అంది.

రెండో కరోనాలో జ్వరం వచ్చి తగ్గినప్పటి నుంచి మా నానమ్మకు ఏ వాసనా తెలియదు.